సోషల్ పాలసీ క్లాసు ఎలా చెప్పాలి? ఒక్క పింఛను జీవోతో ఆరు వారాలు

సోషల్ పాలసీ పేపరు చేతికొచ్చిన కొత్త లెక్చరర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. “సిలబస్ నిండా నిర్వచనాలు, పథకాల పేర్లు. చెబితే రాసుకుంటారు, పరీక్షలో దించేస్తారు. ఫీల్డ్‌కి పంపితే మాత్రం ఒక ముసలావిడ ‘నా పింఛను ఎందుకు ఆగింది బాబూ’ అంటే నోరు పెగలదు. ఎక్కడ మొదలుపెట్టాలి?”

ఒకే పథకం పట్టుకోండి. దాన్ని రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టి లబ్ధిదారు గడప దాకా దించండి. ఒకటి ఇలా దిగితే మిగతావి విద్యార్థులు సొంతంగా చదువుకోగలరు. ఇరవై పథకాలు పైపైన చెబితే ఒక్కటీ నిలవదు. కింది పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, గుంటూరు, నంబూరు చుట్టుపక్కల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) తరగతులను దృష్టిలో పెట్టుకుని రాసింది. బీఎస్‌డబ్ల్యూ (డిగ్రీ) వాళ్లకైతే బడ్జెట్ పాఠం తీసేసి వాడుకోవచ్చు.

కావలసినవి

- ఆరు వారాలు, వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంటన్నర. గంట పీరియడ్లే ఉంటే రెండు కలిపి అడగండి. జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) చదివే క్లాసు గంటలో తెమలదు.
- ఐదుగురు చొప్పున బ్యాచ్‌లు. ఏడుగురైతే ఇద్దరు పని చేస్తారు, ఐదుగురు సెల్‌ఫోన్ చూస్తారు.
- సామాజిక పింఛన్ల అర్హత జీవో, తరవాత వచ్చిన సవరణ ఉత్తర్వులు. ఇద్దరికి ఒక ప్రింటు. ఫోన్‌లో పీడీఎఫ్ చూపిస్తే ఎవరూ గీతలు గీయరు, గీతలు గీయకుండా జీవో అర్థం కాదు.
- ఎరుపు, నీలం, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు. బ్యాచ్‌కి ఒక చార్టు.
- రాష్ట్ర బడ్జెట్‌లో పింఛన్ల పద్దు ఉన్న పేజీ.
- గ్రామ, వార్డు సచివాలయాలకు వెళ్లడానికి అనుమతి లేఖ. విజయవాడ, గుంటూరుల్లో నగరపాలక సంస్థ కమిషనర్‌కి, పల్లెల్లో ఎంపీడీఓకి. కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. లేఖలో విద్యార్థుల సంఖ్య, తేదీలు, ఏం అడుగుతారు, ఏం అడగరు రాయండి. ఈ చివరిది ఉంటే సంతకం త్వరగా పడుతుంది.

జీవో వెతకడంలో ఒక చిక్కు. 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్యకాలపు ఉత్తర్వు దొరక్కపోతే సచివాలయంలో ఉన్న కాపీ అడగండి, లేదా సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. పత్రికా వార్తను జీవోకి బదులుగా వాడొద్దు. వార్తలో ‘అర్హులందరికీ’ అని ఉంటుంది. అర్హులంటే ఎవరన్నది జీవోలోనే ఉంటుంది.

1. పథకాన్ని ఎంచుకోండి

మొదటిసారి చెబుతుంటే వృద్ధాప్య పింఛను తీసుకోండి. కేంద్రం, రాష్ట్రం రెండూ ఇందులో ఉన్నాయి. నియమాలు కాగితం మీద ఉన్నాయి. ప్రతి వీధిలోనూ పింఛనుదారు దొరుకుతారు. పైగా అంకెల చరిత్ర చూపించడం తేలిక. 2014లో నెలకు 200 నుంచి 1,000 రూపాయలు అయింది. 2019 జనవరిలో 2,000, అదే ఏడాది జులైలో 2,250. ఆ తరవాత 2022, 2023, 2024 జనవరుల్లో 250 చొప్పున పెరిగి 3,000కి చేరింది. 2024 జులై 1న ఏప్రిల్ నుంచి లెక్కేసి బకాయి 3,000 కలిపి 7,000 చేతిలో పెట్టారు. అప్పటినుంచి 4,000. ఈ అంకెలు బోర్డు మీద రాసి, పక్కన ఎన్నికల సంవత్సరాలు రాయమనండి. మీరేమీ వ్యాఖ్యానించక్కర్లేదు.

ప్రత్యామ్నాయాలు: విజయవాడ కాలేజీ అయితే బీసెంట్ రోడ్ తోపుడుబండ్ల వాళ్లు, 2014 వీధి విక్రేతల చట్టం. గుంటూరు అయితే మిర్చి యార్డు హమాలీలు, అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత. స్కూల్ సోషల్ వర్క్ మీద మొగ్గున్న బ్యాచ్‌కి బడి పిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం.

ఆరోగ్యశ్రీ తరహా వైద్య పథకంతో మొదలుపెట్టకండి. ప్యాకేజీలు, ఆసుపత్రుల జాబితాల్లో పడి విధానం కనబడకుండా పోతుంది. నిన్నగాక మొన్న ప్రకటించిన పథకం కూడా వద్దు. మార్గదర్శకాలు రాకముందే పాఠం చెబితే వేదిక మీది ప్రసంగమే పాఠమైపోతుంది.

2. పార్టీల పేర్లు తుడిచేయండి

ఇది మొదటి క్లాసులోనే చేయాలి. మన దగ్గర పథకాలకు నాయకుల పేర్లుంటాయి, ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. వైఎస్సార్ పింఛన్ కానుక, ఎన్టీఆర్ భరోసా అని పలకగానే తరగతి రెండుగా చీలుతుంది. వెనక బెంచీలో ఒకడు నవ్వుతాడు, ముందు బెంచీలో ఒకడికి ముఖం ఎర్రబడుతుంది. పాఠం అక్కడితో సరి.

చార్టు మీద పథకం పేరు బదులు ‘పింఛను, 2019’, ‘పింఛను, 2024’ అని రాయించండి. నాయకుడి పేరు ఎత్తకుండా మాట్లాడాలని నియమం పెట్టండి. ఎవరైనా ఎత్తితే ఆ వాక్యాన్ని పేరు లేకుండా మళ్లీ చెప్పించండి. మూడో క్లాసుకి అలవాటవుతుంది.

పేర్లు పోయాక అసలు తేడాలు బయటపడతాయి. బడి పిల్లల తల్లులకు ఇచ్చే 15,000 దీనికి మంచి ఉదాహరణ. 2020లో మొదలైన పథకంలో తల్లికి ఒకసారే, ఎందరు పిల్లలున్నా. 2025లో వచ్చిన దాంట్లో బడికెళ్లే ప్రతి బిడ్డకూ లెక్క. అందులో 2,000 బడి నిర్వహణకు పోతుంది, ఖాతాలో పడేది 13,000. ‘తల్లికి’ అన్న చోట ‘బిడ్డకు’ అని మారితే ముగ్గురు పిల్లలున్న ఇంటికి వచ్చేదెంత, ఖజానా మీద పడేదెంత? ఈ లెక్క వేయించండి. ఎవరు మంచివాళ్లన్న గొడవ కంటే లెక్కే వాళ్లను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది.

3. నిచ్చెన గీయించండి

చార్టు మీద పై నుంచి కిందికి ఐదు మెట్లు.

పైమెట్టు రాజ్యాంగం. 41వ అధికరణ వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం, నిరుద్యోగాల్లో ప్రభుత్వ సాయం గురించి చెబుతుంది, ప్రభుత్వ ఆర్థిక స్థోమత మేరకు అన్న షరతుతో. 41 లాంటి ఆదేశిక సూత్రాలను కోర్టు ద్వారా అమలు చేయించుకోలేమని 37వ అధికరణ చెబుతుంది, పాలనకు అవే మూలమని కూడా అంటుంది. ఈ రెండూ పక్కపక్కనే చదివించండి.

రెండో మెట్టు కేంద్రం. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం. మూడో మెట్టు రాష్ట్ర పథకం, దాని జీవో. నాలుగో మెట్టు శాఖ ఇచ్చే సర్క్యులర్లు, మెమోలు. ఐదో మెట్టు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న వెల్ఫేర్ సెక్రటరీ.

ప్రతి మెట్టు పక్కన ఒకే ప్రశ్న రాయించండి: ఇక్కడున్న మాటను ఎవరు మార్చగలరు? పార్లమెంటా, కేబినెట్టా, శాఖ కార్యదర్శా, కలెక్టరా? ఐదో మెట్టు దగ్గర చాలామంది ‘సెక్రటరీ మారుస్తారు’ అని రాస్తారు. ఆమె చేతిలో ఉన్నది దరఖాస్తు ఎక్కించడం, ఇంటికెళ్లి చూడటం, రిపోర్టు రాయడం. నియమం మార్చడం ఆమె వల్ల కాదు. ఇది తెలియక రేపు ఉద్యోగంలో చేరాక కూడా సచివాలయం ముందు ధర్నా పెట్టిస్తారు, పని కాదు.

ఇక్కడ రెండు లెక్కలు తప్పకుండా చేయించండి.

మొదటిది: 70 ఏళ్ల పేద వృద్ధురాలి 4,000లో కేంద్రం వాటా ఎంత? 200. మిగతా 3,800 రాష్ట్రానివి. 80 దాటితే కేంద్రం 500, రాష్ట్రం 3,500. ఇదీ దారిద్ర్యరేఖ దిగువన ఉండి కేంద్రం ఒప్పుకున్న సంఖ్యలో చేరిన వాళ్లకే. మిగతా వాళ్లకు మొత్తం రాష్ట్రమే.

రెండోది: 55 శాతం వైకల్యం ఉన్న మనిషి. రాష్ట్రం నియమం 40 శాతం, కాబట్టి నెలకు 6,000 వస్తుంది. కేంద్ర పింఛనుకి 80 శాతం ఉండాలి. కేంద్రం దృష్టిలో ఆయన వికలాంగ పింఛనుదారే కాదు. ఒకే మనిషి ఒక కాగితం మీద అర్హుడు, ఇంకో కాగితం మీద అనర్హుడు. పది నిర్వచనాలు చెప్పినా రాని విషయం ఈ ఒక్క ఉదాహరణతో వస్తుంది.

జారిపోయే చోటు: విధానం, చట్టం, పథకం అనే మూడు మాటలను కలిపేయడం. తేడా చెప్పడానికి ఆహార భద్రత పక్కన పెట్టండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులోని మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ (అతి పేద) కుటుంబానికి 35 కిలోలు. అది చట్టంలో రాసి ఉంది. పింఛను మొత్తం ఏ చట్టంలోనూ లేదు, కార్యనిర్వాహక ఉత్తర్వుతో నడుస్తోంది. ‘రేపు ఇది ఆపేస్తే ఏ సెక్షన్ చూపించి అడుగుతావు?’ అని అడగండి. సెక్షన్ చెప్పగలిగితే చట్టం, తడుముకుంటే చాలావరకు పథకం.

4. జీవోని మూడు రంగుల్లో చదివించండి

ఈ ఆరు వారాల్లో అసలు పని ఇదే. నలభై నిమిషాలు నిశ్శబ్దంగా, ఇద్దరిద్దరు. ఎవరికి అన్నది ఎరుపు. ఎంత, ఎప్పుడు అన్నది నీలం. ఎవరు తేల్చాలి, ఏ రుజువుతో అన్నది ఆకుపచ్చ. పూర్తయ్యాక కాగితం చూడండి. ఎరుపు నిండా ఉండి ఆకుపచ్చ ఒకటి రెండు గీతలే ఉంటే ఇంకోసారి చదవమనండి. పింఛన్లు ఆగేది ఎక్కువగా ఆకుపచ్చ దగ్గరే.

జీవో ఇంగ్లీషులో ఉంటుంది, సగంమంది తెలుగు మీడియం నుంచి వస్తారు. మీరు అనువదించి ఇవ్వొద్దు. ఒక్కో బ్యాచ్ ఒక్కో పేరాను వాడుక తెలుగులోకి మార్చాలి, క్లాసులో చదివి వినిపించాలి. ‘కృష్ణలంకలో మీ ఇంటి పక్క మామ్మకి చెబితే అర్థమవుతుందా?’ అన్నదే పరీక్ష. ‘లబ్ధిదారు’ అనే మాట వచ్చినప్పుడు ఆగండి. లబ్ధి అంటే ఎవరో ఇచ్చింది అందుకోవడం. ‘హక్కుదారు’ అంటే ఏం మారుతుందో పది నిమిషాలు మాట్లాడనివ్వండి.

అర్హత నియమాలు ఇలా ఉంటాయి. వృద్ధాప్య పింఛనుకి 60 ఏళ్లు, గిరిజనులకు 50. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 లోపు. ఆపైన సచివాలయాల్లో సిక్స్ స్టెప్ అని పిలిచే జల్లెడ: భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి లేదా ప్రభుత్వ పెన్షనర్ ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఫరవాలేదు. ఆదాయపు పన్ను కట్టకూడదు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో ఇంటి విస్తీర్ణానికి ఒక హద్దు. క్లాసుకి ముందు ప్రతి అంకెనూ తాజా ఉత్తర్వుతో సరిచూసుకోండి. సవరణలు వస్తూనే ఉంటాయి, పాత అంకె బోర్డు మీద రాస్తే ఫీల్డ్‌లో విద్యార్థి పరువు పోతుంది.

ఇప్పుడు ఒక ఊహించిన కేసు ఇవ్వండి. సింగ్‌నగర్‌లో ఒక ఇల్లు, మూడు పోర్షన్లు, ఒకటే మీటరు. వెనక గదిలో 66 ఏళ్ల ఒంటరి మహిళ, ఆమె వాడేది ఒక ఫ్యాను, ఒక బల్బు. మీటరు సగటు 340 యూనిట్లు. ఆ సర్వీసు నంబరుకి ఆమె ఆధార్ లింకై ఉంది. దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణం: ‘విద్యుత్ వినియోగం’.

బ్యాచ్‌లు నాలుగు జవాబులు రాయాలి. తప్పు ఏ మెట్టు మీద ఉంది? 340ని మూడుతో భాగిస్తే 113, మరి నియమం మీటరుని లెక్కపెడుతోందా, మనిషినా? రేపు ఉదయం ఆమెతో ఎక్కడికి వెళతావు? నియమమే మారాలంటే ఎవరికి రాస్తావు?

మూడో ప్రశ్నకు జవాబు కరెంటు ఆఫీసు. సర్వీసు నంబరు నుంచి ఆధార్ తొలగించమని దరఖాస్తు, అద్దె ఇంటి రుజువు, తిరిగి సచివాలయంలో నమోదు. నాలుగో ప్రశ్నకు జవాబు శాఖ కార్యదర్శి. చాలామంది రెండింటికీ ‘కలెక్టర్’ అని రాస్తారు. ఒక మనిషి సమస్య తీర్చడం, నియమం మార్పించడం వేర్వేరు పనులని ఇక్కడ తెలియాలి. కేస్‌వర్క్ పేపర్‌కీ ఈ పేపర్‌కీ మధ్య గోడ ఇదే.

5. సిద్ధాంతం ఒక్క క్లాసు చాలు

అది కూడా జీవో చదివాకే, ముందు కాదు. బ్రిటిష్ సామాజిక విధాన పండితుడు రిచర్డ్ టిట్మస్ చెప్పిన మూడు నమూనాలు ఇరవై నిమిషాల్లో చెప్పొచ్చు. కుటుంబం, బజారు రెండూ చేతులెత్తేశాకే ప్రభుత్వం రావడం ఒకటి. ఉద్యోగాన్ని, పనితీరును బట్టి రక్షణ ఇవ్వడం రెండోది. అవసరాన్ని బట్టి అందరికీ ఇవ్వడం మూడోది. మొదటిదానికి గైడు పుస్తకాల్లో ఉండే ‘అవశేష నమూనా’ అన్న మాట రాయించకండి. రాసినవాళ్లకీ అర్థం కాదు, దిద్దేవాళ్లకీ అర్థం కాదు.

మిగతా సమయం మూడు ఉదాహరణలకు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం, కార్డు అడగరు, ఎవరైనా వరుసలో నిలబడొచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సులో రాష్ట్రవాసి అని చూపించే గుర్తింపు కార్డు చాలు, ఆదాయం అడగరు. పింఛనుకి జల్లెడ మొత్తం దాటాలి. ఈ మూడింటిలో ఎవరు బయట పడిపోతారు, అక్కర్లేని వాళ్లు ఎవరు లోపలికి వస్తారు? బోర్డు మీద రెండు గళ్లు గీయండి: ‘అర్హులై అందనివాళ్లు’, ‘అర్హత లేక అందుకున్నవాళ్లు’. ఒక గడిని బిగిస్తే రెండోది పెరుగుతుందని వాళ్ల చేతే చెప్పించండి. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన ఇందుకు దగ్గరి ఉదాహరణ. 40 శాతం కన్నా తక్కువ తేలిన వాళ్లకు నోటీసులు వెళ్లాయి, తరవాత అప్పీలుకు దారి పెట్టారు. అప్పీలు అనే దారి ఎందుకు కావాలో ఈ రెండు గళ్లు చూస్తే తెలుస్తుంది.

‘అందరికీ ఇవ్వడమే మంచిది’ అని క్లాసు మొత్తం తేల్చేస్తే ఒప్పుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగినప్పుడు కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కింద ఇనప్పెట్టె, పైన వంటసామాను ఉన్న ఇంటికి ఏ గీత? అద్దెకున్న వాళ్లకా, ఇంటి యజమానికా? వాదించుకోనివ్వండి.

6. సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టించండి

వరుసలో ఇది ఆరోదైనా, పని మొదటి వారానిది. జవాబుకి 30 రోజుల గడువు ఉంది. నాలుగో వారంలో పెడితే జవాబు వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలైపోతాయి.

దరఖాస్తు విద్యార్థి సొంత పేరుతో ఉండాలి. డిపార్ట్‌మెంట్ పేరుతో, హెచ్‌ఓడీ ముద్రతో పంపితే ‘చట్టం పౌరులకు’ అని తిప్పి పంపొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10.

‘ఎందుకు ఇవ్వలేదు?’ అని అడగొద్దు. చట్టం కింద దొరికేది కార్యాలయంలో ఉన్న సమాచారం, వివరణ కాదు. పేర్లు, ఆధార్ నంబర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. ఇలా అడగండి: ‘మీ సచివాలయం పరిధిలో గత 12 నెలల్లో వచ్చిన వృద్ధాప్య పింఛను దరఖాస్తుల సంఖ్య, తిరస్కరించినవాటి సంఖ్య, కారణాల వారీగా.’ గడువులో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. అది రాయడం కూడా పాఠమే.

7. ఫీల్డ్

రెండు సార్లు వెళ్లాలి. ఒకటో తారీఖున పంపిణీ చూడటానికి, ఇంటింటికీ తిరిగే సచివాలయ ఉద్యోగి వెనక ఇద్దరు మాత్రమే, ప్రశ్నలు లేకుండా. ఒకటో తారీఖు సెలవైతే ముందురోజే ఇస్తారు, కనుక్కుని వెళ్లండి. మళ్లీ పది, ఇరవై తారీఖుల మధ్య సచివాలయానికి, తీరిగ్గా మాట్లాడటానికి.

వెళ్లేముందు విద్యార్థుల చేత ఒక వాక్యం కంఠతా పట్టించండి: “మేం కాలేజీ పిల్లలం అమ్మా, సర్కారు మనుషులం కాదు, మా వల్ల పింఛను రాదు, ఆగదు.” వాంబే కాలనీ లాంటి చోట ఫైలు పట్టుకున్న నలుగురు కనబడితే చాలు, సర్వే అనుకుని ఆధార్ జిరాక్సులు పట్టుకుని వచ్చేస్తారు. జిరాక్సు తీసుకోవద్దు, ఫొటో తీయొద్దు. ‘చూస్తాం’ అనే మాట అసలు అనొద్దు. మన దగ్గర ‘చూస్తాం’ అంటే మాట ఇచ్చినట్టే.

నోట్‌బుక్‌లో అభిప్రాయాలు కాదు, కొలతలు రాయాలి. ఎన్నిసార్లు తిరిగారు. ఒక్కోసారి ఆటోకి ఎంతైంది. ఎన్ని రోజుల కూలి పోయింది. ఏ కాగితం కోసం ఏ ఆఫీసు. కాదన్నది ఎవరు, నోటి మాటా, కాగితమా. ఆ కాలంలో కొత్త దరఖాస్తులు అసలు తీసుకుంటున్నారా అన్నది సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. నియమం ప్రకారం అర్హురాలే, కానీ ఆన్‌లైన్‌లో విండో తెరవలేదు అంటే అది కూడా విధానమే, ఏ జీవోలోనూ కనిపించని విధానం.

అనుమతి రాకపోతే ఆగిపోకండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. బయట చెట్టు కింద అర్జీ రాయించుకునే వాళ్ల దగ్గర రెండు గంటలు కూర్చుంటే సగం పని అవుతుంది.

8. బడ్జెట్

ఒక క్లాసు. ముందు చిన్న లెక్క: ఒక సచివాలయం పరిధిలో 400 పింఛన్లు, తలా 4,000 అనుకుంటే నెలకు 16 లక్షలు, ఏడాదికి 1 కోటి 92 లక్షలు. తరవాత బడ్జెట్ పేజీ. అందులో వాస్తవ వ్యయం, బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా అని వేర్వేరు గళ్లుంటాయి. ఒక ఏడాది అంచనాను ఇంకో ఏడాది వాస్తవంతో పోల్చి ‘ఇంత పెంచారు’ అని రాయడం అందరూ చేసే తప్పు. అంచనాని అంచనాతో, వాస్తవాన్ని వాస్తవంతోనే పోల్చాలి.

9. రెండు పేజీల పాలసీ నోట్

ఇరవై పేజీల ప్రాజెక్టు అడగొద్దు, కట్ పేస్ట్ వస్తుంది. రెండు పేజీలు, ఒకే సమస్య, ఒకే అధికారికి. మొదటి పేరాలో ఏం మార్చాలి. తరవాత ఎవరికి నష్టం, జీవోలో ఏ పేరా వల్ల. తరవాత ఫీల్డ్ కొలతలు, సమాచార హక్కు జవాబులోని అంకెలు. చివర ఖర్చు, రాగల అభ్యంతరం.

ఇలా రాసుకొస్తారు: ‘ప్రభుత్వం వృద్ధుల సంక్షేమానికి తగు చర్యలు తీసుకోవాలి.’

ఎర్ర గీత కొట్టి ఇలా రాయించండి: ‘ఒకే మీటరు కింద ఒకటికి మించి కుటుంబాలు ఉంటే, యూనిట్లను కుటుంబాల సంఖ్యతో భాగించి లెక్కించాలని విద్యుత్ నిబంధనకు ఒక వాక్యం చేర్చాలి. కుటుంబాల సంఖ్యను సచివాలయ ఉద్యోగి ఇంటికి వెళ్లి ధ్రువీకరించాలి.’

వెంటనే క్లాసు చేత ఎదురు ప్రశ్నలు వేయించండి. లేని కుటుంబాలను చూపిస్తే? ధ్రువీకరించే ఉద్యోగి మీద ఒత్తిడి వస్తే? జవాబు లేకపోతే నోట్ ఇంకా తయారు కాలేదు. ‘తగు చర్యలు’, ‘అవగాహన కల్పించాలి’, ‘చిత్తశుద్ధితో అమలు చేయాలి’ అనే మూడు మాటలకు నిషేధం పెట్టండి. ఇవి ఎక్కడ కనబడినా అక్కడ విద్యార్థి ఆలోచించడం ఆపేశాడని అర్థం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పథకాల పట్టిక ఇచ్చేయడం. పేరు, సంవత్సరం, మొత్తం, మూడు గళ్లు. పరీక్ష రాసేదాకా పనికొస్తుంది, ఆ మర్నాటికి సగం అంకెలు పాతబడతాయి.

అధికారిని పిలిపించి గెస్ట్ లెక్చర్ పెట్టించడం. వచ్చినాయన విజయాలు చెప్పి వెళతారు. పిలవాలంటే సిక్స్ స్టెప్ మీద పది ప్రశ్నలు ముందే పంపి, వాటికే జవాబివ్వమని కోరండి.

బాధితురాలిని క్లాసుకి తీసుకొచ్చి మాట్లాడించడం. అక్కర్లేదు. ఆమె కూలి పోతుంది, కళ్లనీళ్లు వస్తాయి, జీవో పక్కకు పోతుంది.

విద్యార్థులు తప్పంతా కింది ఉద్యోగి మీదకు నెట్టడం. లంచం, నిర్లక్ష్యం ఉండొచ్చు. కానీ ‘సెక్రటరీ మంచిదైతే ఈ ముసలావిడకి వచ్చేదా?’ అని అడగండి. రాదు అంటే తప్పు నియమంలో ఉంది. వచ్చేది అంటే అమలులో ఉంది. ప్రతి కేసుకీ ఈ ప్రశ్న వేయించండి.

వచ్చిందో లేదో ఎలా చూడాలి

ఆరో వారం చివర ఎన్నడూ చూడని కాగితం ఇవ్వండి. వీధి విక్రేతల చట్టం నుంచి ఒక పేజీ మంచిది. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం సభ్యులు విక్రేతలే ఉండాలని, సర్టిఫికెట్ ఉన్నవారిని 30 రోజుల నోటీసు లేకుండా కదిలించకూడదని, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంటుంది. అరగంటలో ఐదు జవాబులు: ఎవరికి, ఏమిటి, ఎవరు తేల్చాలి, ఎవరు బయట పడతారు, మార్చాలంటే ఎవరికి రాయాలి. పేరు, సంవత్సరం అడగొద్దు.

ఐదుకి నాలుగు రాస్తే పద్ధతి ఎక్కినట్టే. ‘ఎవరు తేల్చాలి’ దగ్గర క్లాసులో సగంమంది తప్పితే పైన చెప్పిన నాలుగో భాగానికి వెనక్కి వెళ్లి ఇంకో జీవోని రంగుల్లో చదివించండి. ‘ఎవరు బయట పడతారు’ దగ్గర తప్పితే రెండు గళ్ల క్లాసు మళ్లీ చెప్పాలి.

ఇంటర్నల్ మార్కులు 50 అయితే జీవో చదవడానికి 15, ఫీల్డ్ నోట్‌బుక్‌కి 10, పాలసీ నోట్‌కి 20, నోటిమాట పరీక్షకు 5. నోటిమాట పరీక్ష మూడు నిమిషాలే. మీరు సింగ్‌నగర్ వెనక గది ఆవిడ. మీ ముందు విద్యార్థి కూర్చుంటాడు. “నా పింఛను ఎందుకు రాలేదు బాబూ?” అని అడగండి. వాడుక తెలుగులో, ఏ నియమం వల్లో చెప్పి, రేపు ఏ ఆఫీసుకి ఏ కాగితంతో వెళ్లాలో చెప్పగలిగితే ఐదుకి ఐదు. ‘చూస్తాం’ అంటే సున్నా.